వంద కౌంటు రొయ్యకి కూలెంత?

(యలహంకలో తెలుగువారి సభలో చేసిన స్మారకోపన్యాసానికి ముద్రిత పాఠం)



ఎవరి జ్ఞాపకంగా మనం ఇవాళ ఇక్కడ చేరామో ఆయన్ని యలహంక న్యూటౌన్‌లో చిన్నా పెద్దా అందరూ మేష్టారనే పిలిచారు. నాకూ అదే అలవాటు. అందుకని ఈ కాగితాల మీద కూడా ఆయన మేష్టారుగానే ఉంటారు.

మేష్టారిది ఉప్పాడ తీరం. బడిలో లెక్కలు చెప్పి, రిటైరయ్యాక కొడుకు దగ్గరికి ఈ ఊరు వచ్చారు. ఆదివారాలు అపార్ట్‌మెంటు సెల్లారులో పిల్లల్ని కూర్చోబెట్టుకుని అ ఆలు దిద్దించారు. ఆ పిల్లల తల్లిదండ్రులు ఈ సభలో చాలామందే ఉన్నారు. నాకు మాత్రం ఆయన చేపల కొట్టు దగ్గర పరిచయమయ్యారు. నేను చేప ఎంచుకుంటుంటే ఆయన పక్కన నిలబడి, చేపలు కోసే కుర్రాడి చేతులకేసి చూస్తున్నారు. పొలుసు గీకడం, మొప్పలు లాగడం, పొట్ట చీల్చి కడగడం, ముక్క కొట్టడం. అంతా అయ్యాక, తనకొచ్చిన నాలుగు కన్నడ ముక్కల్లో ఆ అబ్బాయిని అడిగారు: "కిలోకి నీకెంత ఇస్తారు నాన్నా?"

2025 ఫిబ్రవరిలో ఇక్కడి వైమానిక స్థావరంలో ఏరో ఇండియా విమాన ప్రదర్శన జరిగింది. మాంసం, చేపల వ్యర్థాలకి గద్దలు చేరితే విమానాలకి ప్రమాదమని, జనవరి 23 నుంచి ఫిబ్రవరి 17 దాకా చుట్టూ 13 కిలోమీటర్ల మేర మాంసం, చేపల కొట్లు మూయించారు. ఆ జాగ్రత్త అవసరమే, దాన్ని నేను తప్పు పట్టను. ఆ రోజుల్లో ఒక సాయంత్రం చెరువు గట్టు మీద నడుస్తూ మేష్టారు అన్న మాట మాత్రం మనసులో ఉండిపోయింది. "కొట్టు యజమాని ఎలాగో తట్టుకుంటాడండీ. కోసే కుర్రాడు ఈ ఇరవై ఆరు రోజులూ ఏం తింటాడు?"

ఆ ఏడాది పూర్తికాకుండానే ఆయన వెళ్ళిపోయారు. ఈ ఉపన్యాసం ఇవ్వమని అడిగినప్పుడు వేరే విషయం కోసం వెతకాలనిపించలేదు. చేపని నీళ్ళలోంచి తీసేవాడి గురించి మనకి పాటలున్నాయి, కథలున్నాయి. తినేవాళ్ళం మనమే. ఈ ఇద్దరి మధ్యా నిలబడి తల తీసి, తొక్క వలిచి, ఉప్పు పట్టించి, ఐసులో పేర్చేవాళ్ళ గురించే ఇవాళ మాట్లాడతాను. ఇరవై రెండేళ్ళు కాకినాడ, భీమవరం మధ్య రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో నాణ్యత పరీక్షలు చూసిన ఉద్యోగం నాది. చెప్పేదంతా దగ్గర నుంచి చూసిందే.

మేష్టారి తల్లిగారు ఎండు చేపలు అమ్మారు. పడవ వచ్చాక మిగిలిన కవళ్ళు, నెత్తళ్ళు, కానగంతలు కొనుక్కుని, పెద్దవాటిని చీల్చి ఉప్పు పట్టించి, చిన్నవాటిని ఇసక మీద ఆరబోసి, కాకులు రాకుండా ఒక పిల్లవాణ్ణి కాపలా పెట్టేవారట. ఆ పిల్లవాడే మేష్టారు. ఎండాక గంపకెత్తి సంతకి నడిచేవారు. డబ్బున్నవాళ్ళు డబ్బిచ్చారు, లేనివాళ్ళు ధాన్యం కొలిచారు. వేట లేని నెలల్లో ఆ ఇంటి పొయ్యి వెలిగింది ఆ గంప మీదే. ఆయన బడికి వెళ్ళింది కూడా ఆ గంప వల్లనే. ప్రాసెసింగ్ అనే ఇంగ్లీషు మాట తీరానికి రాకముందే ఆ పని తీరంలో ఉంది. నిలవ ఉండని సరుకుని నిలవ ఉండేలా చేస్తే అది పక్క ఊరికి పోతుంది, రేపటికి మిగులుతుంది, ధర పలుకుతుంది. దీని ఆర్థికశాస్త్రమంతా ఇంతే.

ఉప్పు మీద ప్రభుత్వానికి గుత్తాధిపత్యం, దాని మీద పన్ను ఉన్న కాలంలో ఈ చిన్న పనికి కూడా ఉప్పు బరువైంది. అందుకే 19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో మద్రాసు ప్రెసిడెన్సీ తీరమంతా చేపల్ని ఉప్పులో ఊరబెట్టే యార్డులు తెరిచి, అక్కడ పన్ను లేని ఉప్పు ఇచ్చారు. 20వ శతాబ్దం మొదట్లో మద్రాసు మత్స్యశాఖకి పునాది వేసిన ఫ్రెడరిక్ నికల్సన్ ఈ నిలవ చేసే విద్యనే ముఖ్యంగా పట్టించుకున్నాడు. తీరప్రాంతపు పేదరికానికి మందు ఎక్కువ చేప పట్టడంలోనే లేదు, పట్టిన చేప పాడుకాకుండా చూడడంలో ఉంది. నూరేళ్ళ కిందటి ఆ గ్రహింపు ఇప్పటికీ సరైనదే.

తరవాత కథ వేగంగా నడిచింది. 1953లో కొచ్చిన్ నుంచి గడ్డకట్టించిన రొయ్యలు మొదటిసారి అమెరికాకి ఓడెక్కాయి. 1957లో కొచ్చిన్‌లోనే మత్స్య సాంకేతిక పరిశోధన సంస్థ ఏర్పడింది, విశాఖలో దానికి శాఖ వచ్చింది. 1972లో సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ చట్టం వచ్చింది. కేరళ ఆడవాళ్ళు రొయ్య వలవడంలో ఎంత నేర్పరులయ్యారంటే, గుజరాత్‌లోని వెరావల్ దాకా వాళ్ళని పనికి తీసుకెళ్ళారు. మన వైపు 1990ల మొదట్లో టైగర్ రొయ్య వచ్చి వరి పొలాలు చెరువులయ్యాయి. ఆ దశాబ్దం మధ్యలో తెల్లమచ్చ వైరస్ దాన్ని ఊడ్చేసింది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల చెరువుల మీద కఠినమైన తీర్పు ఇచ్చింది. 2005లో కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం, 2009లో వనామి రొయ్యకి అనుమతి. వనామితో ఆంధ్ర తీరం దేశంలో రొయ్యలకి మొదటి స్థానానికి చేరింది.

ఇప్పుడు కొన్ని అంకెలు. లెక్కల మేష్టారి సభలో అంకెలు చెప్పకుండా ఉండలేను. 2023-24లో మన దేశం 17,81,602 టన్నుల సముద్ర ఉత్పత్తులు ఎగుమతి చేసింది. వాటి విలువ 60,523 కోట్ల రూపాయలు. అందులో గడ్డకట్టించిన రొయ్యలే 7,16,004 టన్నులు, 40,013 కోట్లు. అంటే ప్రతి మూడు రూపాయల్లో రెండు రూపాయలు రొయ్యవే. ఆ రొయ్యల్లో 2,97,571 టన్నులు ఒక్క అమెరికాకే వెళ్ళాయి.

కోట్లు పక్కన పెట్టి రొయ్యల్ని లెక్కపెడదాం. కిలోకి సగటున యాభై రొయ్యలనుకున్నా 7,16,004 టన్నులంటే 3,500 కోట్ల రొయ్యలకి పైమాటే. కొన్ని తలతోనే వెళ్తాయి, కొన్ని యంత్రం మీద వలుస్తారు. అవి తీసేసినా మిగిలినవి తక్కువేమీ కావు. వాటిలో ప్రతి ఒక్కటీ ఒక మనిషి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పడి వచ్చిందే. ఆ మనిషి దాదాపు ఎప్పుడూ ఆడమనిషే.

లోపలికి తీసుకెళ్తాను రండి.

తెల్లవారుజామున చెరువు పడతారు. ఐసు వేసిన ట్రేలు వ్యానులో ప్లాంటుకి వస్తాయి. లోపలికి వెళ్ళేముందు ఆడవాళ్ళకి ఒక గది ఉంటుంది. అక్కడ చీర మీద కోటు, తలకి టోపీ, మూతికి గుడ్డ, కాళ్ళకి గమ్ బూట్లు. పూలు తీసెయ్యాలి, బొట్టుబిళ్ళ తీసెయ్యాలి, గాజులు తీసెయ్యాలి. గాజు ముక్క విరిగి రొయ్యలో పడితే కంటైనరు వెనక్కి వస్తుంది, కాబట్టి ఆ నియమం న్యాయమైనదే. దాన్ని అమలు చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. పెళ్ళైన ఆడమనిషి రోజూ పొద్దున్నే చేతులారా గాజులు తీసి టిఫిను బాక్సు మూతలో పెట్టుకోవడం మన ఊళ్ళల్లో చిన్న సంగతి కాదు. మొదటిసారి వచ్చిన పిల్లలు ఏడ్చేవారు. ఒక పెద్దావిడ ప్రతిరోజూ గాజులు తీసేటప్పుడు కళ్ళు మూసుకుని ఒక దణ్ణం పెట్టుకునేది. సాయంత్రం మళ్ళీ తొడుక్కునేటప్పటికి వేళ్ళు చల్లదనానికి ఉబ్బిపోయి గాజు ఎక్కేది కాదు. కొబ్బరినూనె రాసుకుని ఎక్కించుకునేది.

లోపల స్టీలు బల్ల. బల్ల మీద ఐసు, ఐసులో రొయ్యలు. సరుకు నాలుగు డిగ్రీలు దాటకూడదు, కాబట్టి చెయ్యి కూడా ఎప్పుడూ ఆ చల్లదనంలోనే ఉంటుంది. తల పట్టి తిప్పి లాగితే వస్తుంది. తరవాత తొక్క, ఆ తరవాత వీపు మీది నల్లటి నరం. తల మీది కొమ్ము పల్చటి గ్లౌజుని చీల్చి గోటి పక్కన గుచ్చుకుంటుంది. వంద కిలోల రొయ్య తల తీస్తే ఇంచుమించు అరవై అయిదు కిలోలు, తొక్క కూడా తీస్తే ఇంకా తక్కువ. బరువు తగ్గే కొద్దీ ధర పెరుగుతుంది. చెరువు గట్టు మీద సరుకుగా ఉన్నది ఆ బల్ల దాటేసరికి ఆహారమవుతుంది. అక్కడి నుంచి గ్రేడింగు, కడగడం, మైనస్ నలభై డిగ్రీల్లో విడివిడిగా గడ్డకట్టించడం, సంచుల్లో నింపడం, మైనస్ పద్దెనిమిదిలో నిలవ.

ఇక నా ఉపన్యాసం పేరు. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అది కౌంటు. ముప్పై కౌంటంటే ముప్పై రొయ్యలు కిలో, ఒక్కోటి ముప్పై మూడు గ్రాములు. వంద కౌంటంటే ఒక్కోటి పది గ్రాములు. రైతుకి వంద కౌంటు వస్తే ధర తగ్గుతుంది, అది మనందరికీ తెలుసు, పేపర్లో కూడా వస్తుంది. కిలో లెక్కన కూలికి వలిచే ఆమెకి ఏమవుతుందో పేపర్లో రాదు. ముప్పై కౌంటు అయితే కిలోకి ముప్పై తలలు తీయాలి. వంద కౌంటు అయితే అదే కిలోకి వంద తలలు, వంద తొక్కలు, వంద నరాలు. కౌంటుని బట్టి కిలో రేటు మార్చే షెడ్లున్నాయి. అన్నిటికీ ఒకే రేటు కట్టిన షెడ్డులో కూడా నేను పనిచేశాను. అక్కడ ట్రేలు దించగానే ఆడవాళ్ళు ముందు రొయ్య సైజు చూసేవారు. ఒకామె నాతో అంది: "బాబుగారూ, ఇయ్యాల వంద కౌంటొచ్చింది. రేత్రి దాకా వలిచినా కూలి గిట్టదండి." ఆ మాట నేను పైకి చెప్పాను. "అది మేస్త్రీ చూసుకునే విషయం, మనది కాదు" అని జవాబొచ్చింది. నేను ఊరుకున్నాను. అప్పుడు ఊరుకున్నందుకే ఇప్పుడు ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఈ పని చెడ్డదని నేను అనడం లేదు. అలా అనేవాళ్ళతో నాకు పేచీ ఉంది. సముద్రపు వేట తగ్గిపోతున్న ఊళ్ళల్లో, ఉప్పాడలా ఇళ్ళని కూడా అలలు కోసుకుపోతున్న ఊళ్ళల్లో, ఏడాదిలో చాలా నెలలు నికరంగా కూలి దొరికే చోటు ప్లాంటొక్కటే. నెలకి ఒకసారి తన పేరున బ్యాంకులో పడే డబ్బు వేరు, మొగుడి వేట మీద ఆధారపడ్డ డబ్బు వేరు. చీటీ పాడి కూతుర్ని నర్సింగులో చేర్పించిన ఆమెని నేనెరుగుదును. ఇల్లు శ్లాబు వేయించుకున్నవాళ్ళనీ ఎరుగుదును. ప్లాంటు ఒకటి ఉంటే దాని చుట్టూ ఐసు ఫ్యాక్టరీ, వ్యాను డ్రైవర్లు, కంప్రెసరు మెకానిక్కులు, అట్టపెట్టెలు చేసేవాళ్ళు, టీ కొట్లు, మెస్సులు బతుకుతాయి. శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి, ఇంకా దూరం నుంచి పిల్లలు వచ్చి హాస్టళ్ళలో ఉండి పనిచేస్తున్నారు. వలిచిన తలలూ తొక్కలూ కూడా వృథా కావు, వాటి నుంచి కైటిన్, కైటోసాన్ తీస్తారు. తీరానికి ఈ పరిశ్రమ కావాలి.

అయితే ఎలాంటి పరిశ్రమ కావాలి? దీనికి జవాబు వెతకడానికి దూరం వెళ్ళనక్కర్లేదు. మన యలహంకలోనే రైల్ వీల్ ఫ్యాక్టరీ ఉంది. 1984 నుంచి రైలు పెట్టెలకి చక్రాలూ ఇరుసులూ అక్కడ తయారవుతున్నాయి. కరిగిన ఉక్కు దగ్గర పని, కష్టమైన పని. అయినా ఆ కష్టానికి ఒక గుర్తింపు కార్డు, క్వార్టరు, వైద్యం, సెలవు, రిటైరయ్యాక ఒక భరోసా ఉన్నాయి. చుట్టూ కాలనీలు, బడులు పెరిగాయి. ఈ సభలో కూర్చున్నవాళ్ళలో ఆ ఫ్యాక్టరీ జీతంతో చదువుకున్న పిల్లలుంటారు. చక్రం దేశానికి అవసరం. డాలర్లు కూడా దేశానికి అవసరమే. చక్రం పోసే చేతికి దక్కిన గౌరవం రొయ్య వలిచే చేతికి ఎందుకు దక్కదు? రొయ్య వలిచే ఆమె ప్లాంటు గోడల మధ్యే ఏళ్ళ తరబడి పనిచేసినా కాగితాల్లో ప్లాంటు మనిషి కాదు, మేస్త్రీ మనిషి. ఆమె పేరు మేస్త్రీ పుస్తకంలో ఉంటుంది. మేస్త్రీ మారితే పుస్తకం మారుతుంది, సర్వీసు పోతుంది.

2024 మార్చిలో ఆంధ్ర రొయ్యల షెడ్లలో కూలీల పరిస్థితి మీద అమెరికాలోని కార్పొరేట్ అకౌంటబిలిటీ ల్యాబ్ నివేదిక ప్రచురించింది. అసోసియేటెడ్ ప్రెస్ కూడా కథనం రాసింది. అప్పుడు మన వైపు చాలామంది ఇది పోటీదారుల కుట్ర అన్నారు. నేను అలా అనలేకపోయాను. అన్ని ప్లాంట్లూ ఒకలా లేవు, మంచివాటిలో పనిచేసిన అదృష్టం నాకుంది. అయినా మనం ముందే రాసుకోవలసిన నివేదిక వేరేవాళ్ళు రాశారనే బాధ కలిగింది. 2017 మార్చి 30న మొగల్తూరు దగ్గర ఒక ప్లాంటులో వ్యర్థాల తొట్టి శుభ్రం చేయడానికి దిగిన అయిదుగురు విషవాయువుకి చనిపోయారు. అదే కాలంలో భీమవరం పక్కన తుందుర్రులో ఆక్వా ఫుడ్ పార్కు వద్దని జనం ఏళ్ళ తరబడి పోరాడారు. వాళ్ళు అభివృద్ధికి అడ్డం పడ్డారని చాలామంది తిట్టారు. తమ కాలవ నీళ్ళు ఏమవుతాయని అడగడం అడ్డం పడడం కాదు. ప్లాంటు నుంచి ఊరికి కూలి డబ్బు రావాలంటే, ప్లాంటు నుంచి ఊరి కాలవలోకి కంపు రాకూడదు. ఈ రెండూ ఒకే లెక్కలోవి.

ఇక సుంకాల సంగతి. 2005 నుంచే మన రొయ్య మీద అమెరికా యాంటీ డంపింగ్ సుంకం వేస్తోంది. 2025 ఆగస్టు 27న మన దేశపు సరుకు మీద అక్కడ 50 శాతం సుంకం పడింది, పాతవి దానికి అదనం. వార్తల్లో ఎగుమతిదారుల నష్టం వచ్చింది, రైతుల గగ్గోలు వచ్చింది. రెండూ నిజమే. కానీ కొనుగోలు ఆగితే రైతు చెరువు పట్టడం వాయిదా వేస్తాడు. ఎగుమతిదారుకి బ్యాంకు ఉంది, కోల్డ్ స్టోరేజి ఉంది, వేరే దేశపు బజారు వెతికే మనుషులున్నారు. వ్యాను రాని రోజు వలిచే ఆమెకి కూలి అసలు లేదు. కిలో లెక్క కూలిలో సున్నా కిలోలంటే సున్నా రూపాయలే. వాషింగ్టన్‌లో పడ్డ దెబ్బ అందరికంటే ముందు తగిలింది ఆ బల్ల దగ్గరే.

పని ఆగేది సుంకాల వల్లే కాదు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలం, ఉండాల్సిందే. ఆ రోజులకి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే భృతి 2019లో పదివేలు, 2025 ఏప్రిల్‌లో ఇరవై వేలయింది. సంతోషం. అది పడవ మీద వేటకి వెళ్ళేవాళ్ళ లెక్కన ఇచ్చేది. రేవులో చేప కొని ఎండబెట్టి అమ్ముకునే మేష్టారి తల్లిలాంటి ఆమెకి ఆ 61 రోజులూ చేప ఉండదు, ఆమె పేరు మీద భృతీ ఉండదు. మత్స్యకారుడు అంటే వల వేసే మొగవాడని మనం ఎప్పుడో తీర్మానించుకున్నాం. ఆ నిర్వచనం మారాలి. వేటలో, రేవులో, షెడ్డులో పనిచేసే అందరూ ఆ మాటలోకి రావాలి. మేష్టారు బతికుంటే ఇదే అడిగేవారని నాకు గట్టి నమ్మకం.

చివరగా ఈ సభలో ఉన్నవాళ్ళకి ఒక మాట. మీలో చాలామందికి గోదావరి జిల్లాల్లో, కృష్ణాలో, నెల్లూరులో పొలాలున్నాయి. అవి ఇప్పుడు చెరువులు. లీజు డబ్బు ఏటా మీ ఖాతాలో పడుతోంది. కొందరు చెరువుల్లో పెట్టుబడి కూడా పెట్టారు. ఏ ప్లాంటుకి మీ సరుకు వెళ్తుందో కనుక్కోవడం మీకు కష్టం కాదు. ఈ సంక్రాంతికి యలహంక మీదుగా పోయే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లోనో, మీ కారులోనో ఊరు వెళ్ళినప్పుడు ఒక పూట ఆ ప్లాంటుకి వెళ్ళండి. వలిచేవాళ్ళకి ఈఎస్ఐ కార్డుందా, పీఎఫ్ కడుతున్నారా, కౌంటు పెరిగితే కిలో రేటు పెరుగుతుందా అని మేనేజరుని అడగండి. సరుకు ఇచ్చేవాడు అడిగితే జవాబు చెప్పక తప్పదు. కూలివాళ్ళు అడిగితే దొరకని జవాబు మీకు దొరుకుతుంది. ఇక్కడ బెంగళూరులో కూడా వలిచి గడ్డకట్టించిన మన రొయ్య దొరుకుతోంది. దూరదేశపు బజారు మూసుకున్నప్పుడు ఆ బల్ల ఖాళీగా ఉండకుండా చూడగలిగింది మన ఇళ్ళే. కొనండి, పిల్లలకి వండిపెట్టండి.

మేష్టారు ఆ చేపల కొట్టు కుర్రాణ్ణి అడిగిన ప్రశ్న మీరూ ప్లాంటులో ఎవరో ఒకరిని అడగండి. కిలోకి నీకెంత ఇస్తారమ్మా?